హార్వర్డ్ కాదు, హోవార్డ్: ఒక లా కాలేజీలో చదివినవాళ్లు ఏం చేశారు



డిగ్రీ అయ్యాక ఏం చేస్తారని ఇంట్లో అడిగితే మన హాస్టళ్లలో అందరం చెప్పే జవాబులు నాలుగైదే. టీచర్, పోలీస్, గ్రూప్స్, బ్యాంకు, నర్సింగ్. అందులో తప్పేం లేదు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. నెల నెలా జీతం వచ్చే ఉద్యోగం అంటే ఇంటికి ఎంత ధైర్యమో మాకు తెలుసు. కానీ లా చదువుతాం అని చెప్పేవాళ్లు ఎంతమంది? 1/70, పీసా, అటవీ హక్కుల చట్టం పేర్లు మనందరికీ నోటికి వస్తాయి. 1997 సమత తీర్పు గురించి ప్రతి మీటింగులో వింటాం. ఆ చట్టాలు పట్టుకుని కోర్టులో నిలబడి మాట్లాడేవాళ్ల కోసం మాత్రం ఇంకా బయటివైపే చూస్తుంటాం.

అందుకే ఈసారి ఒక లా కాలేజీ చరిత్ర రాస్తున్నాం. అమెరికాది, నల్లజాతివాళ్ల కాలేజీ. "మొదటి నల్లజాతి జడ్జి, మొదటి నల్లజాతి మంత్రి" అని అక్కడ చదివినవాళ్ల జాబితాలు బోలెడు దొరుకుతాయి. జాబితా చదివితే ఒక్కొక్కరూ వేరువేరుగా గొప్పోళ్లు అయినట్టు ఉంటుంది. జరిగింది అలా కాదు. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, మెస్‌లో క్యూ కదిలేలోపు సగమన్నా చదవండి.

ముందు పేరు. హార్వర్డ్ వేరు, హోవార్డ్ వేరు. హార్వర్డ్ అంటే డబ్బున్న తెల్లవాళ్లు వందల ఏళ్ల కిందట పెట్టుకున్న యూనివర్సిటీ. హోవార్డ్ 1867లో వాషింగ్టన్‌లో పుట్టింది. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయి అప్పటికి రెండేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. విడుదలైన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన శాఖకు అధిపతిగా ఉన్న జనరల్ ఆలివర్ హోవార్డ్ పేరు దానికి పెట్టారు. ఇలాంటి కాలేజీలు అమెరికాలో ఇప్పటికీ వంద దాకా ఉన్నాయి. చారిత్రక నల్లజాతి కాలేజీలు అంటారు. తెల్లవాళ్ల కాలేజీల్లో సీటు ఇవ్వని కాలంలో నల్లజాతివాళ్లకు ఉన్న దారి అదొక్కటే.

హోవార్డ్‌లో లా విభాగం 1869లో మొదలైంది. మూడేళ్లకే, 1872లో, షార్లెట్ రే అనే అమ్మాయి అక్కడ లా పూర్తి చేసింది. అమెరికాలో మొదటి నల్లజాతి మహిళా లాయర్ ఆమే. జాబితాల్లో ఈ ఒక్క లైను రాసి ఆపేస్తారు. తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాలి. వాషింగ్టన్‌లోనే ఆఫీసు తెరిచింది. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఒక స్త్రీ తరఫున విడాకుల కేసు వాదించింది. కానీ నల్లజాతి, పైగా ఆడమనిషి. కేసులు ఇచ్చేవాళ్లు సరిపడా రాలేదు. కొన్నేళ్లకు ఆఫీసు మూసేసి న్యూయార్క్ వైపు వెళ్లి, బ్రూక్లిన్ బడుల్లో టీచర్‌గా బతికింది. పట్టా చేతిలో ఉంది, తెలివి ఉంది, వెనక నిలబడేవాళ్లు లేరు. మొదటి మనిషి ఒక్కతే వెళ్తే ఇలాగే ఉంటుంది కాబోలు.

1896లో అమెరికా సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో తీర్పు చెప్పింది. నల్లవాళ్లకు వేరే రైలు పెట్టె పెట్టొచ్చు, రెండూ సమానంగా ఉంటే చాలు అంది. "వేరు, కానీ సమానం" అన్నమాట. ఆ ఒక్క ముక్క మీద దక్షిణాది రాష్ట్రాలు బడులు, ఆసుపత్రులు, బస్సులు, మంచినీళ్ల కుళాయిలు అన్నీ విడగొట్టేశాయి. వేరు అనేది ప్రతిచోటా అమలైంది. సమానం మాత్రం ఎక్కడా కాలేదు.

ఈలోపు హోవార్డ్ లా స్కూలు ఈవెనింగ్ కాలేజీగా నడిచేది. పగలు గుమాస్తా పనో ఇంకో పనో చేసుకునేవాళ్లు సాయంత్రం వచ్చి చదువుకునేవాళ్లు. పాఠాలు చెప్పేవాళ్లు కూడా పగలు వేరే పని ఉన్నవాళ్లే. దేశంలో లా కాలేజీలకు ఉండే గుర్తింపు దానికి లేదు. 1926లో మోర్డెకై జాన్సన్ హోవార్డ్‌కు అధ్యక్షుడయ్యాడు. పుట్టిన 59 ఏళ్ల తర్వాత ఆ యూనివర్సిటీకి వచ్చిన మొదటి నల్లజాతి అధ్యక్షుడు ఆయన. లా స్కూలును బాగుచెయ్యమని ఒక మనిషిని తెచ్చాడు. ఆయనే చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్. ఈ పోస్టులో ఒక్క పేరే గుర్తుపెట్టుకుంటాం అంటే ఈయన పేరు పెట్టుకోండి.

హ్యూస్టన్ 1895లో వాషింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి కూడా లాయరే, హోవార్డ్‌లోనే చదివినవాడు. కాబట్టి మనలాంటి మొదటి తరం కాదు, నిజం చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఆఫీసర్‌గా పనిచేశాడు. అక్కడ తెల్ల సైనికుల నుంచి, తెల్ల ఆఫీసర్ల నుంచి పడ్డ అవమానాలు చూసి, బతికి బయటపడితే లా చదివి తనలాంటివాళ్ల కోసం కొట్లాడతానని తీర్మానించుకున్నాడు. హార్వర్డ్‌లో లా చదివాడు. అక్కడి లా పత్రికకు మొదటి నల్లజాతి ఎడిటర్ అయ్యాడు. అంత చదివినవాడు బయట ప్రాక్టీసు పెద్దది చేసుకోకుండా వచ్చి హోవార్డ్‌లో పాఠం చెప్పాడు.

ఆయన చేసిన మొదటి పని ఈవెనింగ్ కాలేజీ మూసెయ్యడం. పూర్తికాలం టీచర్లు, పూర్తికాలం విద్యార్థులు, లైబ్రరీ. 1931 కల్లా కాలేజీకి పూర్తి గుర్తింపు వచ్చింది. దీని మీద పాత విద్యార్థుల్లో చాలా కోపం వచ్చింది. పగలు పనిచేసుకుంటూ చదువుకునే పేదవాడికి తలుపు మూశావని అన్నారు. మా రూములో కూడా దీని గురించి వాదన జరిగింది. సెలవుల్లో కూలికి పోయి ఫీజు కట్టుకున్నవాళ్లం మాలోనే ఉన్నాం. ఆ మూసిన తలుపు అవతల ఎంతమంది ఆగిపోయారో ఎవరూ లెక్క రాయలేదు. హ్యూస్టన్ వైపు ఆలోచిస్తే, కోర్టులో అవతల నిలబడేది దేశంలోకెల్లా మంచి కాలేజీల్లో చదివిన తెల్ల లాయర్లు. సగం తయారైనవాళ్లను వాళ్ల ముందుకు పంపితే ఓడిపోయేది ఆ ఒక్క లాయరే కాదు, జనం అంతా. రెండూ నిజమే.

క్లాసులో ఆయన చాలా కఠినం. మొదటి రోజే పిల్లల్ని కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి, వచ్చే ఏడాదికి మీలో కొందరు ఉండరు అని చెప్పేవాడట. నిజంగానే చాలామంది మధ్యలో పోయారు. లాయర్ అంటే సమాజాన్ని సరిచేసే ఇంజినీర్ అయినా అయి ఉండాలి, లేదంటే జనం మీద పడి తినే పురుగు, మధ్యలో ఇంకోటి లేదు అనేది ఆయన సిద్ధాంతం. విద్యార్థులను ఊరికే పుస్తకాల ముందు కూర్చోబెట్టలేదు. జైళ్లకు, కోర్టులకు తీసుకెళ్లి చూపించాడు.

ఆ క్లాసులో కూర్చున్న ఒక కుర్రాడు థర్గుడ్ మార్షల్. బాల్టిమోర్ ఊరు. తండ్రి రైళ్లలో, క్లబ్బులో సర్వర్ పనులు చేసినవాడు, తల్లి బడి టీచర్. సొంత ఊళ్లోనే మేరీలాండ్ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. నల్లవాళ్లకు సీటు ఇవ్వరు. దాంతో రోజూ తెల్లవారక ముందే లేచి, రైలెక్కి వాషింగ్టన్ వచ్చి చదువుకుని, రాత్రికి ఇల్లు చేరేవాడు. ఫీజు కోసం తల్లి తన పెళ్లి ఉంగరం, నిశ్చితార్థం ఉంగరం తాకట్టు పెట్టింది. ఇది చదివినప్పుడు మాలో ఎవరికీ కొత్తగా అనిపించలేదు. మన ఇళ్లలో పుస్తెలు, మేకలు, పొలం కాగితం, ఏదో ఒకటి మన చదువు కోసం పోయే ఉంటుంది. మార్షల్ మొదటి ఏడాది మార్కుల్లో ముందుండి లైబ్రరీలో పని సంపాదించుకున్నాడు. 1933లో క్లాసు ఫస్టుగా బయటికొచ్చాడు. సెకండ్ వచ్చినతను ఆలివర్ హిల్. అతని పేరు మళ్లీ వస్తుంది.

బయటికొచ్చిన రెండేళ్లకే హ్యూస్టన్, మార్షల్ కలిసి ఒక కేసు పట్టారు. అదీ మార్షల్ చదవలేకపోయిన ఆ మేరీలాండ్ లా కాలేజీ మీదే. డొనాల్డ్ ముర్రే అనే నల్లజాతి యువకుడికి సీటు ఇవ్వలేదని కేసు. వాళ్ల వాదన సింపుల్. వేరు, సమానం అంటున్నారు కదా, మరి ఈ రాష్ట్రంలో నల్లవాళ్లకు వేరే లా కాలేజీ ఏది? లేదు. లేనప్పుడు ఉన్నదాంట్లోనే సీటు ఇవ్వండి. 1935లో గెలిచారు. మరుసటి ఏడాది పైకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

ఇక్కడ వాళ్ల పథకం చూడండి. నేరుగా వెళ్లి ప్లెసీ తీర్పు తప్పు అనలేదు. ఆ రోజుల్లో అంటే ఓడిపోయేవాళ్లు, ఆ ఓటమి ఇంకో తీర్పుగా నెత్తిన పడేది. అందుకని సమానం అనే మాటను పట్టుకుని లాగారు. చిన్న బడులతో మొదలుపెట్టలేదు, పైచదువులతో పెట్టారు. పైచదువుల్లో విద్యార్థులు తక్కువ, కాబట్టి తెల్లవాళ్ల గొడవ తక్కువ. ఇంకోటి, ఒక్కో రాష్ట్రం నల్లవాళ్ల కోసం వేరే లా కాలేజీ, వేరే మెడికల్ కాలేజీ కట్టాలంటే ఖజానా ఖాళీ. వేరుగా ఉంచడానికి ఎంత ఖర్చవుతుందో వాళ్లకే తెలిసొచ్చేట్టు చెయ్యాలి. 1938లో మిస్సోరీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. పక్క రాష్ట్రానికి వెళ్లి చదువుకో, ఫీజు మేం కడతాం అంటే కుదరదని కోర్టు చెప్పింది. ఆ కేసులో విద్యార్థి లాయిడ్ గెయిన్స్. తీర్పు వచ్చిన కొద్ది నెలలకే, 1939 మార్చిలో, షికాగోలో బయటికి వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఏమయ్యాడో ఇప్పటికీ తేలలేదు. కేసులో పేరు ఉండటం అంటే ఆ కాలంలో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పక్కనే ఇంకో పని కూడా నడిచింది, టీచర్ల జీతాలు. మేరీలాండ్‌లో నల్లజాతి టీచర్ జీతం తెల్ల టీచర్ జీతంలో దాదాపు సగం. మార్షల్ జిల్లా జిల్లాకూ తిరిగి ఈ కేసులు వేశాడు. అతని తల్లి కూడా టీచరే అని గుర్తుంది కదా. వర్జీనియాలో ఆలివర్ హిల్ వాళ్లు అదే చేశారు. ఈ కేసులకు పేపర్లలో పెద్ద పేరు రాలేదు. కానీ జీతం పెరిగిన టీచర్ ఊళ్లో సంఘానికి చందా ఇస్తుంది, ఇంకో కేసుకు సాక్ష్యం చెప్పడానికి ముందుకొస్తుంది. మాకైతే ఈ భాగమే అన్నిటికంటే నచ్చింది.

హ్యూస్టన్ 1935లో కాలేజీ వదిలి కేసుల పనిలోకి పూర్తిగా దిగాడు. అయినా హోవార్డ్‌లో పని ఆగలేదు. 1938లో జేమ్స్ నాబ్రిట్ అనే ప్రొఫెసర్ పౌరహక్కుల చట్టం మీద ప్రత్యేకంగా ఒక కోర్సు మొదలుపెట్టాడు. సుప్రీంకోర్టులో వాదించాల్సిన కేసును ముందు హోవార్డ్‌లో ఆడి చూసేవాళ్లు. ప్రొఫెసర్లు జడ్జీల్లా కూర్చుని అడ్డమైన ప్రశ్నలన్నీ వేసేవాళ్లు. విద్యార్థులు వెనక కూర్చుని వినేవాళ్లు. అంటే ఇంకా పరీక్షలు రాస్తున్న పిల్లలు దేశంలో అతిపెద్ద కేసులు తయారవడం కళ్లారా చూశారు. ఆ పిల్లల్లో నుంచే తర్వాతి లాయర్లు వచ్చారు. స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ 1939 బ్యాచ్, రాబర్ట్ కార్టర్ 1940 బ్యాచ్.

ఇప్పుడు పౌలీ ముర్రే గురించి. పైన చెప్పిన డొనాల్డ్ ముర్రే వేరు, ఈమె వేరు. 1938లో నార్త్ కరోలినా యూనివర్సిటీకి అప్లై చేస్తే నల్లజాతి అని సీటు ఇవ్వలేదు. 1941లో హోవార్డ్ లా స్కూలుకు వచ్చింది. ఇక్కడ అందరూ మనవాళ్లే, ఇబ్బంది ఉండదనుకుంది. క్లాసులో ఆమె ఒక్కతే అమ్మాయి. మొదటి రోజు ఒక ప్రొఫెసర్, ఆడవాళ్లు లాకి ఎందుకొస్తారో నాకు అర్థం కాదు అన్నాడు, క్లాసంతా నవ్వింది. అప్పుడే నిర్ణయించుకుంది, మార్కుల్లో వీళ్లందరికంటే ముందుండాలని. 1944లో ఫస్టు వచ్చింది. ఫస్టు వచ్చినవాళ్లు పైచదువుకు హార్వర్డ్ వెళ్లడం అలవాటు. ఆడవాళ్లను చేర్చుకోం అని హార్వర్డ్ చెప్పింది. ఒకచోట జాతి, ఇంకోచోట ఆడపుట్టుక. జాతి వివక్షను అక్కడ జిమ్ క్రో అంటారు. ఆమె ఈ రెండోదానికి జేన్ క్రో అని పేరు పెట్టింది.

చివరి ఏడాది సెమినార్ పేపర్లో ఆమె ఒక మాట రాసింది. సమానం అనేదాని వెంట ఎన్నాళ్లు పడతాం, వేరు అనేదాని మీదే కొడదాం, వేరు చేయడమే మనిషిని తక్కువ చేయడం అని. తోటి విద్యార్థులు నవ్వారు. ప్లెసీ తీర్పు 25 ఏళ్లలో పోతుందని ప్రొఫెసర్ రాబిన్సన్‌తో 10 డాలర్లు పందెం కట్టింది. పదేళ్లకే పోయింది. అంతకంటే పెద్ద సంగతి ఆమెకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 1953లో పెద్ద కేసుకు వాదన తయారుచేసేటప్పుడు రాబిన్సన్ ఆమె పేపర్ బయటికి తీసి వాడుకున్నాడట. 1963లో హోవార్డ్ వెళ్లినప్పుడు ఆయనే చెప్పాడు. అప్పట్లో నవ్వినవాళ్లలో ఒక్కరన్నా ముందే ఒక ఉత్తరం ముక్క రాసి ఉండాల్సింది.

ఆమె చదువుకునే రోజుల్లోనే ఇంకోటి జరిగింది. 1943 ఏప్రిల్‌లో హోవార్డ్ విద్యార్థులు, అందులో ఎక్కువ అమ్మాయిలే, ఎందుకంటే అబ్బాయిలు చాలామంది యుద్ధానికి వెళ్లారు, దగ్గర్లోని లిటిల్ ప్యాలెస్ కెఫెటేరియాలోకి ముగ్గురు ముగ్గురుగా వెళ్లారు. తిండి పెట్టం అంటే ఖాళీ ట్రేలు పట్టుకుని టేబుళ్ల దగ్గర కూర్చుని పుస్తకాలు తీసి చదువుకున్నారు. ఓనర్ హోటల్ మూసేశాడు. కొద్ది రోజులకు దిగొచ్చి అందరికీ వడ్డించాడు. మరుసటి ఏడాది థాంప్సన్ అనే ఇంకో పెద్ద హోటల్లో అదే చేశారు, అక్కడా తిండి పెట్టారు. అప్పుడు ఆపింది ఎవరో తెలుసా? హోవార్డ్ యూనివర్సిటీయే. అప్పట్లో దానికి నడిచే డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వం నుంచి వచ్చేది, కాంగ్రెస్‌లో దక్షిణాది సభ్యులకు కోపం వస్తే గ్రాంటు పోతుందని భయం. విద్యార్థులను మానుకోమన్నారు. గవర్నమెంటు హాస్టల్లో ఉండి ఏదైనా మాట్లాడబోయినవాళ్లకు ఈ భయం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పేర్లు వద్దు.

ఈ కూర్చునే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? పౌలీ ముర్రే గాంధీ సత్యాగ్రహం గురించి చదివింది. హోవార్డ్‌కూ మన దేశానికీ నేరుగా సంబంధం ఉంది. అక్కడ పనిచేసిన హోవార్డ్ థర్మన్ (ఈయన పేరే హోవార్డ్, కాలేజీకి సంబంధం లేదు) 1935లో భార్యతో, ఇంకొందరితో మన దేశానికి వచ్చి నెలల తరబడి తిరిగాడు. 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీని కలిశాడు. అమెరికా నల్లజాతివాళ్ల గురించి గాంధీ వాళ్లను ప్రశ్న మీద ప్రశ్న అడిగాడట. 1949లో అధ్యక్షుడు మోర్డెకై జాన్సన్ కూడా ఇక్కడికి వచ్చాడు. తిరిగి వెళ్లాక ఫిలడెల్ఫియాలో గాంధీ మీద ఆయన ఇచ్చిన ప్రసంగం విన్న ఒక విద్యార్థి బయటికొచ్చి గాంధీ గురించి పుస్తకాలు కొనుక్కున్నాడు. ఆ విద్యార్థి పేరు మార్టిన్ లూథర్ కింగ్.

ఇక పెద్ద కేసు. బ్రౌన్ కేసు అంటారు గానీ అది ఒక్క కేసు కాదు. కాన్సస్, సౌత్ కరోలినా, వర్జీనియా, డెలావేర్ నాలుగు రాష్ట్రాల కేసులు కలిపి విన్నారు. వాషింగ్టన్ నగరం కేసు ఐదోది. వర్జీనియా కేసు మన పిల్లలందరికీ తెలియాలి, ఎందుకంటే అది మొదలుపెట్టింది లాయర్లు కాదు, 16 ఏళ్ల బడి పిల్ల. ఫార్మ్‌విల్ అనే ఊళ్లో నల్లజాతి హైస్కూలు. పిల్లలు ఎక్కువయ్యారని తారుకాగితం కప్పిన రేకుల షెడ్ల లాంటివి వేసి అందులో కూర్చోబెట్టారు. చలికాలం వణుకు, వాన వస్తే కారుడు. (మన ఆశ్రమ పాఠశాలల సంగతి మీకే వదిలేస్తున్నాం.) 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే అమ్మాయి పిల్లలందరినీ హాల్లోకి పిలిపించి, పదండి బయటికి అంది. 450 మంది దాకా బయటికి నడిచారు. ఆ తర్వాత లాయర్లకు కబురు పెట్టారు. వచ్చింది ఎవరు? 1933లో సెకండ్ వచ్చిన ఆలివర్ హిల్, 1939 బ్యాచ్ స్పాట్స్‌వుడ్ రాబిన్సన్. పిల్లలకు సర్దిచెప్పి బడికి పంపిద్దామని వచ్చినవాళ్లు ఆ పిల్లల పట్టుదల చూసి మనసు మార్చుకున్నారు. కొత్త బిల్డింగు కోసం అయితే మేం రాం, వేరు బడులే వద్దని అంటే వస్తాం అన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు సరే అన్నారు.

సౌత్ కరోలినా కేసులో వాడిన బొమ్మల పరీక్ష కూడా హోవార్డ్‌దే. మేమీ క్లార్క్ 16 ఏళ్లకు లెక్కలు చదువుదామని హోవార్డ్ వచ్చి సైకాలజీకి మారింది. 1938 వేసవిలో చార్లెస్ హ్యూస్టన్ తండ్రి లా ఆఫీసులో గుమాస్తా పని చేసింది. లాయర్లు వచ్చి ఈ కేసుల గురించే మాట్లాడుకుంటుంటే విన్నది. తర్వాత నల్లజాతి చిన్న పిల్లలకు తమ రంగు గురించి ఎప్పుడు తెలుస్తుంది, తెలిశాక తమ గురించి ఏమనుకుంటారు అనే విషయం మీద హోవార్డ్‌లో ఎంఏ చేసింది. భర్త కెన్నెత్ క్లార్క్ కూడా హోవార్డ్ విద్యార్థే. ఇద్దరూ కలిసి ఆ పనిని పెంచారు. పిల్లల ముందు నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ పెట్టి ఏది మంచిది, ఏది చెడ్డది అని అడగడం. ఎక్కువమంది నల్లజాతి పిల్లలు తెల్ల బొమ్మ మంచిదన్నారు. నీలాగా ఉన్న బొమ్మ ఏదంటే కొందరు ఏడ్చేశారు. ఇలాంటి పరిశోధన కోర్టులో సాక్ష్యం కావచ్చని అప్పటిదాకా చాలామంది లాయర్లే నమ్మలేదు. తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని పేర్కొంది.

1954 మే 17న తీర్పు వచ్చింది. తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట. బడుల్లో వేరు అనేదే అసమానం. వాదించిన జట్టులో మార్షల్, రాబిన్సన్, కార్టర్ హోవార్డ్‌లో చదివినవాళ్లు. వాషింగ్టన్ కేసు వాదించిన నాబ్రిట్, జార్జ్ హేస్ అక్కడ పాఠాలు చెప్పినవాళ్లు. అందరూ హోవార్డ్ వాళ్లే అని మాత్రం అనొద్దు. డెలావేర్ లాయర్ లూయిస్ రెడింగ్ హార్వర్డ్, కాన్‌స్టాన్స్ బేకర్ మోట్లీ, జాక్ గ్రీన్‌బర్గ్ కొలంబియా. చార్లెస్ హ్యూస్టన్ మాత్రం ఆ రోజు లేడు. 1950 ఏప్రిల్‌లో గుండె జబ్బుతో 54 ఏళ్లకే పోయాడు. డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నా తీసుకోలేదు.

తీర్పుతో అన్నీ అయిపోయాయి అనుకోకండి. ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో నల్లపిల్లలతో కలిపి చదివించడం ఇష్టం లేక 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లలకు ఐదేళ్లు బడి లేదు. 1964లో సుప్రీంకోర్టు చెబితే గానీ తెరవలేదు. ఐదో తరగతి పిల్ల పదేళ్లప్పుడు ఆగితే పదిహేనేళ్లకు మళ్లీ ఐదుకు వస్తుందా? చాలామంది రాలేదు.

ఇంకో నష్టం గురించి తక్కువమంది రాస్తారు. బడులు కలిపినచోట మూసింది ఎక్కువగా నల్లజాతి బడుల్నే. దక్షిణాదిలో వేలాది నల్లజాతి టీచర్ల ఉద్యోగాలు పోయాయి. మార్షల్ ఎవరి జీతాల కోసం జిల్లాలు తిరిగాడో వాళ్లే. ఏజెన్సీలో టీచర్ పోస్టులు 100 శాతం స్థానిక ఎస్టీలకే అని 2000లో వచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమానత్వం పేరు మీదే కొట్టేసింది. ఆ కేసు, ఈ కేసు ఒకటి కాదు, దేశాలు వేరు, చట్టాలు వేరు. కానీ సమానం అనే మాట కోర్టులో ఎటువైపు తిరుగుతుందో దాన్ని పట్టుకున్న చేతి మీద ఉంటుందని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మాకు అర్థమైంది. అలాంటి మాట నడిచేచోట మనవాళ్లు ఉండాలి. ప్రేక్షకుల్లో కూర్చోవడానికి కాదు.

తర్వాత ఎవరు ఏమయ్యారో చకచకా చెప్పేస్తాం. మార్షల్ సుప్రీంకోర్టులో 32 కేసులు వాదించి 29 గెలిచాడు, 1967లో ఆ కోర్టుకే మొదటి నల్లజాతి జడ్జి అయి 1991 దాకా ఉన్నాడు. రాబిన్సన్, కార్టర్ ఇద్దరూ ఫెడరల్ జడ్జీలయ్యారు. ఆలివర్ హిల్ రిచ్‌మండ్‌లో ప్రాక్టీసు చేశాడు, 2007లో నూరేళ్ల వయసులో పోయాడు. 1943లో ట్రే పట్టుకుని కూర్చున్న అమ్మాయిల్లో ప్యాట్రీషియా రాబర్ట్స్ ఒకరు. పెళ్లయ్యాక హారిస్. 1977లో అమెరికా క్యాబినెట్‌లో మొదటి నల్లజాతి మహిళా మంత్రి. డగ్లస్ వైల్డర్ 1959లో హోవార్డ్‌లో లా చేసి, 1990లో అదే వర్జీనియాకు గవర్నర్ అయ్యాడు. లా కాకుండా వేరే చదివినవాళ్లలో 1993లో నోబెల్ అందుకున్న రచయిత్రి టోనీ మారిసన్ ఉంది. 1986లో డిగ్రీ చేసిన కమలా హారిస్ ఉంది. ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసినప్పుడు ఆమె చెయ్యి పెట్టిన బైబిళ్లలో ఒకటి మార్షల్‌ది.

పౌలీ ముర్రే 1965లో జేన్ క్రో మీద ఇంకొకరితో కలిసి ఒక వ్యాసం రాసింది. జాతి వివక్షను కొట్టిన వాదనతోనే ఆడవాళ్ల మీద వివక్షనూ కొట్టొచ్చని అందులో చెప్పింది. 1971లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అనే లాయర్ (తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయింది) ఆడవాళ్ల తరఫున రీడ్ కేసులో సుప్రీంకోర్టుకు వాదన రాసింది. కొడుకు చనిపోతే అతని ఆస్తి చూసుకునే హక్కు తల్లికంటే తండ్రికే ముందు అనే ఐడహో రాష్ట్ర చట్టం మీద కేసు. కేసు గెలిచింది. ఆ వాదన అట్ట మీద రాసినవాళ్ల పేర్లలో పౌలీ ముర్రే పేరు కూడా ఉంది. ఆ కాగితాల్లో ఆమె ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆలోచన ఆమెది కాబట్టి పేరు ఉండాలని గిన్స్‌బర్గ్ పెట్టింది.